ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగం, మేనేజర్ టార్చర్: వదిలేయాలా, భరించాలా?

అడిగిన ప్రశ్న: "ప్రభుత్వ బ్యాంకులో స్కేల్ 1, అంటే మొదటి మెట్టు ఆఫీసర్‌ని. చేరి 4 ఏళ్ల 4 నెలలైంది. బ్రాంచ్ మేనేజర్ రాత్రి పదింటికి కూడా ఫోన్ చేసి టార్గెట్లు అడుగుతాడు, కస్టమర్ల ముందే అరుస్తాడు. ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పుతుంది. ఇంట్లో మాత్రం గవర్నమెంటు ఉద్యోగం ఎవరైనా వదులుకుంటారా అంటున్నారు. ఏం చేయమంటారు?"

ఆ ఆదివారం సాయంత్రాలు నేనూ చూశాను. పదకొండేళ్లుగా ఇదే ఉద్యోగం, ఇప్పటికీ ఇందులోనే ఉన్నాను. అలాగని మిమ్మల్ని ఉండిపొమ్మని చెప్పడానికి రాయడం లేదు.

మూడేళ్ల కిందట నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రం బ్రాంచిలో ఉండేవాణ్ణి. రోజూ సాయంత్రం ఆరింటికి పై ఆఫీసు వీడియో కాన్ఫరెన్స్. టార్గెట్ అందక మా బ్రాంచి గడి ఎర్రగా ఉందంటే ఆ ఎక్సెల్ షీటు రాత్రికి వాట్సాప్ గ్రూపులో పడేది. మేనేజర్ అక్కడ తిన్న తిట్లు మాకు వడ్డీతో సహా పంచేవాడు. అదంతా అలవాటైపోయింది.

ఒకరోజు ఉపాధి హామీ డబ్బులు తీసుకోవడానికి నలభై దాటిన ఒకావిడ వచ్చింది. పాస్‌బుక్ కౌంటర్ మీద పెట్టి, ఒక గీత మీద వేలు పెట్టి అడిగింది: "నా నాలుగొందల ముప్పై ఆరు రూపాయలు ఏడికి పోయినయ్ సారూ?" జీవన జ్యోతి బీమా ప్రీమియం అది. ఫారం మీద వేలిముద్ర ఆవిడదే, కానీ అది ఏం కాగితమో చెప్పకుండా వేయించుకున్నది మేము, ఆ వారం టార్గెట్ కోసం. "బీమా అమ్మా, నీ మంచికే" అన్నాను. "అట్లనా సారూ" అని వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆవిడకి అది రోజున్నర కూలి పైనే.

అప్పటిదాకా పని గంటల వల్లే అలసిపోతున్నాననుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టక తెలిసింది, నన్ను తినేస్తున్నది గంటలు కాదని. మీరూ ముందు ఇది తేల్చుకోండి. బాధ ఆ మనిషితోనా, చేయిస్తున్న పనితోనా? మనిషితోనైతే, బ్రాంచ్ మేనేజర్లు రెండు మూడేళ్లకు మారిపోతూనే ఉంటారు, మీ ట్రాన్స్‌ఫర్ కూడా వస్తుంది. పనితోనైతే మాత్రం మేనేజర్ మారినా ప్రయోజనం లేదు. మా తర్వాతి మేనేజర్ దేవుడిలాంటి మనిషి. షీటు మాత్రం అదే.

ఇంకో మాట. ఉద్యోగం పోదన్న ధీమాతో మనం ఇన్నాళ్లూ భరించాం తప్ప, అదే ధీమాతో ఒక్కసారైనా నోరు విప్పామా? ప్రైవేటులో ఎదురు చెబితే మర్నాడు బ్యాడ్జి లాక్కుంటారు. మనల్ని తీసేయాలంటే చార్జిషీటు, ఎంక్వైరీ, అదంతా ఓ పెద్ద తతంగం. నేను రెండే పనులు చేశాను. రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ ఎత్తడం మానేసి, ఆ మాట మేనేజర్‌కి ముందే చెప్పాను. చెప్పకుండా వేలిముద్రలు వేయించనని మెయిల్ పెట్టాను (నోటితో చెబితే గాలికి పోతుంది). ఊరికే వదల్లేదు లెండి. ఆ ఏడాది అప్రైజల్‌లో మార్కులు కోశారు, స్కేల్ 3 ప్రమోషన్ పోయింది. నాకంటే జూనియర్ ఇప్పుడు నాకు పైఆఫీసర్, ఆ విషయం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ నిద్ర పడుతోంది.

అయినా వెళ్లిపోవాలనే ఉంటే వెళ్లండి, తప్పేం లేదు. కాకపోతే ఈ ఎనిమిది నెలలు గ్రాట్యుటీ (సర్వీసుకి గాను మానేసేటప్పుడు ఒకేసారి ఇచ్చే డబ్బు) కోసం ఆగగలరేమో చూడండి. అయిదేళ్లు నిండితే బేసిక్, డీఏ కలిపి 65,000 ఉన్నా, దాన్ని 26తో భాగించి, 15తో, 5తో గుణిస్తే 1,87,500 వస్తుంది. పెన్షన్ కోసం ఎన్‌పీఎస్‌లో వేసిన మీ 10 శాతం, బ్యాంకు వేసిన 14 శాతం ఎక్కడికీ పోవు, అదే ప్రాన్ (ఎన్‌పీఎస్ ఖాతా) నంబరుతో కొనసాగించుకోవచ్చు. మూడు నెలల నోటీసు లెక్కలో పెట్టుకోండి. అసలు దెబ్బ స్టాఫ్ హౌసింగ్ లోన్ దగ్గర తగులుతుంది. నాతో పనిచేసి మానేసిన ఒకతనికి రాయితీ వడ్డీ తీసేసి మామూలు రేటు వేశారు, ఈఎంఐ చూసి లబోదిబోమన్నాడు. మీకు లోన్ ఉంటే శాంక్షన్ లెటర్‌లో రాజీనామా గురించి ఏం రాశారో ఇవాళే చదవండి. ముందే మానేస్తే డబ్బు కడతానని చేరేటప్పుడు రాసిచ్చిన బాండ్ గడువు తీరిందో లేదో కూడా చూసుకోండి. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు పెట్టిన 2 లక్షల బాండ్ చెల్లుతుందనే చెప్పింది.

అన్నిటికంటే ముందు సెలవు పెట్టండి. కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లని ఏడాదికోసారి, ముందు చెప్పకుండా, కనీసం 10 పనిదినాలు వరసగా సెలవులో పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. అది మోసాలు బయటపడటానికి పెట్టింది, మన ఆరోగ్యం కోసం కాదు. నాకు మాత్రం ఆ పది రోజులే ప్రాణం పోశాయి. మొదటి నాలుగు రోజులు ఫోన్ మోగకపోయినా మోగినట్టే ఉలిక్కిపడ్డాను. అయిదో రోజు మా అమ్మాయిని స్కూల్లో దింపి వచ్చి, మధ్యాహ్నం మూడింటి దాకా పడుకున్నాను. మీకు పది రోజుల తర్వాత కూడా కడుపులో తిప్పడం ఆగకపోతే, రాజీనామా కంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆయన రాసిచ్చిన సర్టిఫికెట్‌తో సిక్ లీవ్ కూడా వస్తుంది.