నీ మూడో చరణంలోని గొడుగు

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, నీ ఉత్తరమూ, దానితో జతచేసిన ఎడబాటు పాటా పోయిన వారమే అందాయి. జవాబు ఆలస్యం కావడానికి నా బద్ధకం ఒక్కటే కారణం కాదు. నీ పాటను మూడుసార్లు చదివాక, దాని బాగోగులు చెప్పడం కన్నా మరో పాట పుట్టిన తీరు చెప్పడమే నీకు ఎక్కువ పనికొస్తుందనిపించింది.

అది స్వీడన్‌కు చెందిన ఆబ్బా బృందం 1980లో విడుదల చేసిన ‘ద విన్నర్ టేక్స్ ఇట్ ఆల్’. గెలిచినవాళ్ళదే సర్వస్వం అన్నది దాని పల్లవి. బృందంలో ఉన్నది నలుగురు, రెండు జంటలు. వారిలో బ్యోర్న్ ఉల్వేయస్, ఆగ్నెతా ఫెల్ట్‌స్కోగ్ 1971లో పెళ్ళి చేసుకున్నారు, ఇద్దరు పిల్లలను కన్నారు, 1978 చివరలో విడిపోయారు. కాపురం ముగిసింది కానీ కొలువు ముగియలేదు. స్టాక్‌హోమ్‌లోని పోలార్ స్టూడియోకు ఇద్దరూ యథాప్రకారం రావలసిందే. అతను బెన్నీ ఆండర్సన్‌తో కలిసి బాణీ కట్టి మాటలు రాయవలసిందే, ఆమె వాటిని పాడవలసిందే.

ఈ పాట గురించి మాట్లాడేవాళ్ళందరూ ముందుగా చెప్పేది సీసా సంగతి. ఒక రాత్రి బ్యోర్న్ మద్యం సీసా ముందు పెట్టుకుని కూర్చుని, గంటలో మొత్తం సాహిత్యం రాసేశాడు. ఆ మాట అతనే చెప్పాడు, నిజమే. తాగి రాసినవి మామూలుగా పనికిరావని కూడా అతనే చెప్పాడు, ఆ సగం మాత్రం ఎవరికీ గుర్తుండదు. నీ ఉత్తరంలో నువ్వు కూడా ‘ఒక్క రాత్రిలో, ఏడుస్తూ రాశాను’ అని కొంచెం గర్వంగానే రాశావు కనుక, ఆ గంటకు ముందు ఏం జరిగిందో చెబుతాను.

ముందు ఆ బాణీ నడక వేగంగా, బిగుతుగా ఉండేది. దానికి పెట్టుకున్న తాత్కాలికమైన పేరు కూడా వేరు. అది కుదరక కొన్నాళ్ళు పక్కన పెట్టారు. తర్వాత బెన్నీ పియానో మీద మెట్లు దిగుతున్నట్టు జారే ఒక స్వరవరస పట్టుకున్నాడు. పాటకు ఫ్రెంచివాళ్ళ పాత గీతాల నిదానం వచ్చింది. ఆ ఛాయను పట్టుకోవడానికి బ్యోర్న్ తనకు తోచిన దొంగ ఫ్రెంచిలో, అర్థం లేని శబ్దాలతో పాడి టేపు మీద ఎక్కించాడు. మన దగ్గర డమ్మీ సాహిత్యం అంటామే, సరిగ్గా అదే. ఆ టేపు తీసుకుని ఇంటికి వెళ్ళిన రాత్రే ఆ గంట వచ్చింది. అంటే, ఏ అక్షరం మీద ఊపిరి ఆగాలో, ఏ పాదం చివర గొంతు దిగాలో అన్నీ ముందే నిర్ణయమై ఉన్నాయి. దుఃఖం వచ్చి ఆ అచ్చులో కూర్చుంది. నీ పాటలో దుఃఖం ఉంది కానీ అచ్చు లేదమ్మా. రెండో చరణం మొదటి దానికన్నా ఒక పాదం ఎక్కువ ఉందని నువ్వు గమనించావా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. భార్యతో విడిపోయిన మగవాడు రాసిన పాట అది. అయినా అందులో మాట్లాడేది అతను కాదు, ఓడిపోయిన స్త్రీ. తన బాధను తన పేరుతో రాసుకుని ఉంటే ఒక ఫిర్యాదు తయారయ్యేది. దాన్ని ఎదుటి మనిషి గొంతులో పెట్టేసరికి, ఆమె ఏమంటుందో ఊహించాల్సి వచ్చింది, అంటే తననూ బయటి నుంచి చూసుకోవాల్సి వచ్చింది. ఇది మనకు కొత్త విద్య కాదు. మువ్వగోపాల ముద్రతో పదాలు చెప్పిన క్షేత్రయ్య మూడు వందల ఏళ్ళకు పైగా క్రితమే, మరొకతె దగ్గర రాత్రి గడిపి వచ్చిన ప్రియుడి మీద ఖండితగా అలిగాడు, విరహిణిగా వేగాడు. తెలుగులో రాసేవాళ్ళకు ఈ దారి స్వీడన్ నుంచి రానక్కరలేదు, కానీ మనమే మరిచిపోయాం.

ఆ కాగితం చదివినప్పుడు ఆగ్నెతా కళ్ళు చెమర్చాయని బ్యోర్న్ చెప్పాడు. ఆమె మాత్రం చాలా ఏళ్ళ తర్వాత, తనకు బాధేమీ లేదనీ, అంత అనుభూతి నింపి పాడే అవకాశం దొరికిందనీ చెప్పుకొచ్చింది. మాజీ భర్త తన తరఫున రాసిన వాంగ్మూలాన్ని అతను వింటుండగానే పాడిన గాయని ఆమె. ఆ రికార్డింగు విన్నప్పుడల్లా ఆ సంగతి నాకు గుర్తొస్తుంది, కొన్ని పాదాల దగ్గర వినడం ఆపేద్దామా అని కూడా అనిపిస్తుంది.

అలాగని అది వాళ్ళ కథ కాదు. విడాకుల అనుభవం నిజమే కానీ కథ కల్పితమనీ, తమ విషయంలో గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఎవరూ లేరనీ బ్యోర్న్ పలుమార్లు చెప్పాడు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని మన పెద్దలు అననే అన్నారు. నిజ జీవితంలో లేని గెలుపోటములను పాటలో పెట్టాడంటే, అది అబద్ధం చెప్పడం కాదు, అనుభవానికి ఒక ఆకారం ఇవ్వడం. జూదం, పాచికలు, తీర్పు చెప్పే పెద్దలు, ఆట చూసే జనం, అన్నీ ఆ ఒక్క పోలికలోంచే వస్తాయి, పాట చివరిదాకా ఆ పోలిక మారదు. నీ పాటలో మొదటి చరణంలో సముద్రం, రెండో చరణంలో ఎడారి, మూడో దానిలో వాన, నాలుగో దానిలో చితి ఉన్నాయి. (పాచికలనగానే నువ్వు ధర్మరాజును తెచ్చేస్తావేమోనని భయంగా ఉంది. ఈసారికి ఆయన్ను వదిలిపెట్టు.)

ఆ పాట ఎత్తుగడ చూడు. జరిగిపోయిన వాటి గురించి నాకు మాట్లాడాలని లేదు అంటూ మొదలుపెట్టిన మనిషి దాదాపు 5 నిమిషాలు మాట్లాడుతుంది. మధ్యలో అడగకూడని ప్రశ్న అడిగేస్తుంది: ఆమె నిన్ను నాలాగే ముద్దు పెట్టుకుంటుందా అని. చివరి చరణంలో వాద్యాల హోరు తగ్గి, గొంతు దాదాపు ఒంటరిగా మిగిలినప్పుడు, ఎదుటివాడు ఎందుకు వచ్చాడో మనకు తెలుస్తుంది. అతను కరచాలనం చేయడానికి వచ్చాడు. ఒకప్పుడు ఒకే పక్క మీద పడుకున్న ఇద్దరు, ఆట ముగిశాక ఆటగాళ్ళలా చేతులు కలుపుకోవాలి. తన వాలకం చూసి అతను ఇబ్బంది పడుతుంటే ఆమే క్షమాపణ అడుగుతుంది. కన్నీళ్ళ ప్రస్తావన చేయనవసరం లేకుండా చేసింది ఆ చాచిన చెయ్యి. నా తొలినాళ్ళ ఎడబాటు పాట ఒకదానిలో ‘కన్నీరు’ అనే మాట తొమ్మిదిసార్లు వచ్చింది. పాడడానికి వచ్చినావిడ కాగితం చూసి, ‘ఏమండీ, నన్ను కూడా కొంచెం ఏడవనివ్వరా?’ అని నవ్వుతూ అడిగింది. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు.

పాట తర్వాతి ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. 1980 ఆగస్టులో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది, మరుసటి ఏడాది అమెరికాలో 8వ స్థానం దాకా వెళ్ళింది. 1981లో బృందంలోని రెండో జంట బెన్నీ, ఫ్రీదా కూడా విడిపోయాక, ఆ ఎడబాటు మీద వచ్చిన పాటను ఫ్రీదానే పాడింది. 1999లో లండన్‌లో మొదలైన ‘మమ్మా మియా’ నాటకంలోనూ, 2008 నాటి సినిమాలోనూ ఇదే పాటను, కూతురి పెళ్ళినాడు, ఎప్పుడో వదిలి వెళ్ళి తిరిగొచ్చిన మనిషి ముఖం మీదే ఒక తల్లి పాడుతుంది. సినిమాలో ఆ పాత్ర మెరిల్ స్ట్రీప్‌ది. ఒక్క మాట మార్చకుండా పాట కొత్త కథలో ఇమిడిపోయింది. ఎందుకంటే అందులో ఒక మనిషి పేరు లేదు, ఊరు లేదు, సంవత్సరం లేదు. ఉన్నవి నువ్వు, నేను, ఆమె, కట్టుకున్నాననుకున్న ఒక ఇల్లు. అందుకే నీ పాటలోంచి కాలేజీ పేరూ, అతని పుట్టినరోజూ తీసెయ్యమంటున్నాను. అవి నీకు ప్రాణమే కావచ్చు, వినేవాళ్ళకు అడ్డం.

నీ మూడో చరణంలో మాత్రం ఒక పాదం దగ్గర ఆగిపోయాను. విడిపోయిన రెండు నెలలకు అతను నీ గొడుగు తిరిగిచ్చి వెళ్ళాడని రాసి, వెంటనే ఆకాశం కూడా ఏడ్చిందంటూ పరుగెత్తావు. గొడుగు దగ్గరే నిలబడు. అతను లోపలికి వచ్చాడా, గుమ్మంలోంచే ఇచ్చాడా? దాన్ని ఆరబెట్టి, మడిచి, పట్టీ బిగించి తెచ్చాడా? అంత జాగ్రత్తగా తెచ్చాడంటే అది ప్రేమా, లెక్క తేల్చుకోవడమా? ఆ చరణాన్ని పల్లవి చేసి, తక్కినవి కొట్టేసి, వీలైతే అతని గొంతుతో రాసి చూడు. గొడుగు తిరిగివ్వడానికి వచ్చినవాడు తలుపు తట్టే ముందు ఏమనుకుని ఉంటాడో నీకన్నా ఎవరికి తెలుసు?

ముందుగా బాణీ పంపు. మాటలు లేకపోయినా సరే, తననాలతో పాడి పంపినా వింటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు