గుడ్డ కొనేముందు గుప్పిట్లో నలపండి

ప్రశ్న: ఆరు నెలలుగా మిషను నేర్చుకుంటున్నాను. పాత చీరల మీద కుట్టు బాగానే వస్తోంది. కుర్తీకని క్రేప్ కొంటే కత్తెర కింద జారిపోయి, ముందు భాగం ఒకవైపు పొడుగైంది. మంచి గుడ్డను కొట్లోనే ఎలా పోల్చుకోవాలి?
– తెనాలి పాఠకురాలు

జవాబు: ఇందులో మీ చేతి తప్పు తక్కువ, గుడ్డ తప్పే ఎక్కువ. క్రేప్, జార్జెట్, శాటిన్, పల్చటి రేయాన్ అన్నీ జారేవే. మొదటి నాలుగైదు బట్టలకు వాటి జోలికి పోకండి. కేంబ్రిక్ కాటన్ గానీ పాప్లిన్ గానీ తీసుకోండి. గోటితో నొక్కిన మడత నిలుస్తుంది, గుండుసూది గుచ్చినచోటే ఉంటుంది, 14 నంబరు సూది సరిపోతుంది. మల్‌మల్ (పల్చటి, మెత్తటి కాటన్) కావాలంటే సూది 11కి మార్చుకోవాలి. లేకపోతే కుట్టు మొదట్లోనే గుడ్డను మిషను పళ్ల కిందికి లాగేస్తుంది.

కొట్లో దీపాల కింద ఏ గుడ్డయినా మెరుస్తుంది. తానును గుమ్మం దగ్గరికి తెప్పించి వెలుతురుకు ఎత్తి పట్టండి. కొన్నిచోట్ల పోగులు దగ్గరగా, కొన్నిచోట్ల సందులుగా కనిపిస్తే వద్దనేయండి. తర్వాత రెండు బొటనవేళ్లతో అడ్డంగా లాగండి. పోగులు పక్కకు జరిగిపోతే, రేపు చంక దగ్గర కుట్టు పక్కన అలాగే విచ్చుకుంటుంది. అరచేతుల మధ్య గట్టిగా రుద్దినప్పుడు తెల్లటి పొడి రాలితే అది గంజి. ఆ బిగువంతా మొదటి ఉతుకుతోనే పోతుంది.

పది సెకన్లు గుప్పిట్లో నలిపి వదిలితే కాటన్ ముడతలు పడుతుంది. అసలే పడకపోతే చాలావరకు పాలిస్టర్ కలిసిందనుకోవచ్చు. అనుమానం తీరకపోతే ఇంట్లో నీళ్ల పళ్లెం మీద రెండు పోగులు కాల్చి చూడండి. కాటన్ కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది.

ప్రశ్న: మోకాలి వరకు కుర్తీకి ఎన్ని మీటర్లు? కొట్టుకో మాట చెబుతున్నారు.
– కరీంనగర్ పాఠకురాలు

జవాబు: ముందు పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఎంతో అడగండి, అది తెలియకుండా మీటర్లు చెప్పలేం. పొడవు 40 అంగుళాలైతే భుజం కుట్టుకు, కింది మడతకు కలిపి 42 కావాలి. ఒక్కో భాగం వెడల్పు 24 అంగుళాలనుకుందాం. 44 అంగుళాల పన్నాలో రెండు భాగాలు పక్కపక్కన పట్టవు కాబట్టి ఒకదాని కింద ఒకటి వేయాలి. అవి 84, ముప్పావు చేతులకు మరో 20, మొత్తం 104 అంగుళాలు, అంటే సుమారు 2.65 మీటర్లు. కుంచించుకుపోవడానికి కాస్త కలిపి 2.75 తీసుకోండి. అదే 58 పన్నా అయితే రెండు భాగాలూ పక్కపక్కనే పడతాయి, 1.75 చాలు. మీటరు రేటు ఎక్కువున్నా ఒక్కోసారి ఇదే చవక! కాటన్ అయితే కత్తెరతో కాకుండా చింపి ఇమ్మనండి. చింపితే పోగు వెంటే వస్తుంది. వంకరగా కత్తిరిస్తే సరిచేసుకునేటప్పుడు రెండు మూడు అంగుళాలు పోతాయి.

ప్రశ్న: పోచంపల్లి ఇకత్ అని కొన్నది నిజమో కాదో? కోసేముందు తడపాలా?
– ఖమ్మం పాఠకురాలు

జవాబు: తిరగేసి చూడండి. ఇకత్‌లో నూలుకే ముందు రంగు అద్ది నేస్తారు కనుక రెండువైపులా డిజైను దాదాపు ఒకేలా ఉంటుంది, అంచుల దగ్గర కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. ఒకవైపు ముదురుగా, వెనక వెలిసినట్టుంటే అది పైన డిజైను అచ్చు వేసిన (ప్రింటు) గుడ్డ.

కాటనైతే తడిపి తీరాలి. రెండు గంటలు మామూలు నీళ్లలో విడిగా నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందనే మాట ఇప్పటి రంగుల విషయంలో పెద్దగా పనిచేయదు. లైనింగు తడపడం మాత్రం మరిచిపోకండి. పైగుడ్డ తడిపి లైనింగు అలాగే కుడితే, మొదటి ఉతుకులో లోపలిది కుదించుకుని జాకెట్టంతా ముడతలు తేలుతుంది.