ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఇంటర్వ్యూకు పిలుపు రాకపోతే ఏం చేయాలి?

దరఖాస్తుల సంఖ్య పెంచుకుంటూ పోకుండా, ప్రయత్నం ఏ దశలో ఆగిపోతోందో గుర్తించి ముందు దాన్నే సరిదిద్దుకోవాలి. ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోతుంటే సమాధానాలను సాధన చేయాలి. అసలు పిలుపే రాకపోతే లోపం సాధారణంగా రెజ్యూమెలోనో, ఎంచుకుంటున్న ఉద్యోగాల్లోనో ఉంటుంది. చాలా సంస్థలు వచ్చిన రెజ్యూమెలను సాఫ్ట్‌వేర్‌లో చేర్చి, ప్రకటనలో అడిగిన నైపుణ్యాల పేర్లతో వెతుకుతాయి కాబట్టి, ఆ పేర్లు లేని రెజ్యూమె అర్హత ఉన్నవారిదైనా అడుగున పడిపోవచ్చు. ఉదాహరణకు, పేరోల్ (ఉద్యోగుల జీతాల లెక్కలు) అనుభవం అడిగినప్పుడు ‘అకౌంట్స్ పనులు చూశాను’ అని కాకుండా, నిజంగా చేసి ఉంటే, ‘200 మంది ఉద్యోగుల పేరోల్‌ను ప్రతినెలా సిద్ధం చేశాను’ అని రాయాలి. రెజ్యూమెలన్నిటినీ సాఫ్ట్‌వేరే తిరస్కరిస్తుందన్నది అపోహ. చాలాచోట్ల ఎంపిక చేసేది మనుషులే, అందువల్ల చేయని పనుల పేర్లు చేర్చడం ఇంటర్వ్యూలో బయటపడి నష్టమే చేస్తుంది.