నువ్వు ఎక్కడ నిలబడ్డావు?

మహబూబ్‌నగర్

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

బెంగళూరులో చూసి వచ్చిన రాక్ కచేరీ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. భాష బాగుంది, ఉత్సాహం ఇంకా బాగుంది. అయితే పది పేజీల్లో ‘ఉర్రూతలూగించారు’ అన్న మాట ఆరుసార్లు వచ్చింది. ఇసుక వేస్తే రాలనంత జనం అన్నావు గానీ, ఆ జనంలో ఒక్క మనిషి ముఖమైనా నాకు కనిపించలేదు. ఆ రాత్రి నువ్వు మైదానంలో ఏ మూల నిలబడ్డావో వ్యాసం చివరికి వచ్చినా తెలియలేదు.

ఈ తప్పు నీకంటే ముందు నేను చేశాను కాబట్టి చనువుగా చెబుతున్నాను. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండు రాక్ బృందం కచేరీకి జడ్చర్లలో రాత్రి బస్సెక్కి వెళ్లాను. ఇప్పుడు 44 అంటున్న ఆ జాతీయ రహదారికి అప్పట్లో నంబరు 7. తిరిగి వచ్చాక, 1975లో స్టీవ్ హారిస్ లండన్‌లో ఆ బృందాన్ని నెలకొల్పిన నాటి నుంచి ఎత్తుకుని పన్నెండు పేజీలు రాసి ఒక పత్రికకు పంపాను. సంపాదకుడు దాన్ని తిప్పి పంపుతూ మొదటి పేజీ అంచున ఒక్క ప్రశ్న రాశాడు: ‘మీరు నిజంగా వెళ్లారా?’ టికెట్టు ముక్క ఇంకా నా జేబులోనే ఉంది. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కోపం తగ్గడానికి నెల, ఆయన అడిగింది న్యాయమేనని ఒప్పుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

నిజానికి నేను వేదికకు వంద మీటర్ల వెనుక ఉన్నాను. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి, అంత దూరంలో ఉన్నవాడికి డ్రమ్ము మీద కర్ర పడడం ముందు కనిపిస్తుంది, దెబ్బ సెకనులో ఇంచుమించు మూడో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. చెరువు అవతలి గట్టున బట్టలు బండకేసి కొట్టడం చూస్తూ పెరిగిన పాలమూరు పిల్లలకు ఇది కొత్త సంగతేమీ కాదు. పెద్ద మైదానాల్లో మధ్యమధ్య స్తంభాలకు స్పీకర్లు కట్టి, వేదిక నుంచి వచ్చే ధ్వనితో కలిసేలా వాటిని కావాలనే కాస్త ఆలస్యంగా మోగిస్తారు. చెవికి అతుకు తెలియదు, కంటికి మాత్రం తెలుస్తూనే ఉంటుంది. నా పన్నెండు పేజీల్లో ఈ ముక్క లేదు.

‘గుండె దడదడలాడింది’ అని రాశావు. గుండెను కాసేపు పక్కన పెట్టు. బాస్ గిటారు మీది అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆ తరంగం పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది కనుక అది మనుషులను చుట్టుకుని వెనుక వరుస దాకా వచ్చేస్తుంది. సన్నని స్వరాలను మాత్రం ముందున్న ఒళ్లూ గాలీ తాగేస్తాయి. పెళ్లి బ్యాండు ఊరి చివర ఉండగా డ్రమ్ము మోతే వినిపించి, వీధిలోకి వచ్చాకే క్లారినెట్ తెలియడం కూడా ఇందుకే. ఆ రాత్రి అదిరింది నా చొక్కా బొత్తం. వేలు పెట్టి చూసుకున్నాను కూడా.

జనం గురించి కూడా ఇంతే. ముందు వరుసలో ఎవరికో దాహం వేస్తే, వెనుక నుంచి ఒక నీళ్ల సీసా తలల మీదుగా చేతులు మారుతూ వెళ్లి, అడుగున వేలెడు నీళ్లతో మళ్లీ సొంతదారు దగ్గరికే వచ్చింది. అది చూసినప్పుడు అక్కడున్నది గుంపు కాదనిపించింది. కాసేపటికి మాటలు లేని గిటారు వరుసను వేలమంది నోటితో పాడుతుంటే, ఇంగ్లిషు పాట ఒక్కటీ సరిగా రాని నేను కూడా గొంతు కలిపాను.

నువ్వు కచేరీని సూర్యాపేట దగ్గరి పెద్దగట్టు జాతరతో పోల్చావు. పోల్చు, తప్పు లేదు. కానీ పోలిక తెగేచోటును కూడా రాయాలి. ‘ఓ లింగా’ అంటూ సాగే జనంలో భేరీ మోగించేవాడి మోచేయి మనకు తగులుతుంది. కచేరీలో మనకూ వాయించేవాడికీ నడుమ ఇనుప కంచె, పైన పెద్ద తెర. గడ్డి మంట మీద డప్పు కాచి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి చూసుకునే మనిషికీ, ఖాళీ మైదానంలో ఒకే డ్రమ్మును పదేపదే కొట్టించి వినే సౌండ్ ఇంజనీరుకూ చుట్టరికం ఉన్న మాట మాత్రం నిజం. మధ్యాహ్నమే వెళ్లి ఆ పని చూశానని ఫోనులో చెప్పావు. వ్యాసంలో అది ఎందుకు లేదు?

ఇంకొకటి: ఈసారి చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు పెట్టుకో. ఇలాంటి వేదికల్లో 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. నాకు అప్పట్లో ఇవేవీ తెలియవు. తిరుగు బస్సులో చెవుల్లో సన్నటి ఈల ఒకటే మోగింది. కండక్టరు పెదవులు కదలడం చూసి టికెట్టు అడుగుతున్నాడని ఊహించుకున్నాను. తెల్లవారుతుండగా బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన అతుకుల మీద చక్రాలు టకటకమన్నప్పుడే బయటి చప్పుడు మొదటిసారిగా స్పష్టంగా వినిపించింది.

నువ్వూ అదే దారిన వచ్చావు. వంతెన మీద నీకు ఏం వినిపించిందో రాసి పంపు. మిగతా తొమ్మిది పేజీల సంగతి తర్వాత చూద్దాం.

ఇట్లు,
నీ అన్న