కొట్టినా తిరిగి లేచే పులికంప: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాది నల్లమల అంచున ఉన్న గ్రామం. మా పక్క రిజర్వు అడవిలో మూడేళ్ళ కిందట కూలీలను పెట్టి పులికంపను, అంటే లంటానాను, కొట్టించారు. ఆ వేసవిలో అడవి లోపలికి చాలా దూరం చూపు ఆనింది. ఇప్పుడు అదే చోట అది మునుపటికంటే దట్టంగా లేచి, మనిషి దూరడానికి కూడా సందు లేకుండా ఉంది. ఆ ఖర్చంతా వృథా అయినట్టేనా? పొరపాటు ఎక్కడ జరిగింది?

సమాధానం: మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే అక్కడ మొక్కను నేలపైన, కాండం దగ్గర కొట్టి ఉంటారు, ఆ తరువాత ఎవరూ ఆ చోటికి తిరిగి వెళ్ళి ఉండరు. లంటానాకు వేరూ కాండమూ కలిసే చోట, నేలమట్టానికి కాస్త దిగువన, నిద్రాణమైన మొగ్గలుండే భాగం ఒకటి ఉంటుంది. గొడ్డలితో పైన నరికితే ఆ భాగానికి ఏ హానీ జరగదు. ఒక కాండం పోయిన చోట నాలుగైదు పిలకలు లేచి, పొద మరింత గుబురుగా తయారవుతుంది. యంత్రంతో పెకలించినా సమస్య తీరదు. నేల తిరగబడినప్పుడు లోపల కొన్నేళ్ళుగా పడి ఉన్న గింజలు పైకి వచ్చి, తొలకరికే మొలుస్తాయి.

ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి.ఆర్. బాబు బృందం కార్బెట్ పులుల అభయారణ్యంలోనూ మరికొన్ని చోట్లా పరీక్షించి చూపిన పద్ధతి ఈ మొక్క స్వభావాన్ని ఎరిగి రూపొందించినది. ఇద్దరు ముగ్గురు మనుషులు కలిసి, మొగ్గల భాగానికి దిగువన, నేలలోపల కొద్ది సెంటీమీటర్ల లోతున తల్లివేరును తెగగొట్టి, పొదను అలాగే ఎత్తి, వేరు మట్టికి తగలకుండా తలకిందులుగా నిలిపి ఎండబెడతారు. దీనికి యంత్రం అక్కరలేదు, మందు అక్కరలేదు, నేల పెద్దగా కదలదు. కాయలు పండకముందే, నేలలో తడి ఉన్నప్పుడే ఈ పని జరగాలి. పండిన తరువాత పొదలను ఈడ్చుకుపోతే దారి పొడవునా గింజలు చల్లినట్టే అవుతుంది.

అయితే వేరు తెగగొట్టడంతో పని మొదలయిందనే అనుకోవాలి. లంటానా పండ్లను గోరువంకలు, పిగిలిపిట్టలు తిని, ఎత్తయిన చెట్ల మీద వాలి, గింజలను కింద విసర్జిస్తాయి. వాననీరు మరికొన్నింటిని వాగుల వెంట కొనిపోతుంది. కనుక శుభ్రం చేసిన చోట పెద్ద చెట్ల కిందా, వాగుల గట్ల మీదా ప్రతి వర్షాకాలంలోనూ వెతికి, పిల్ల మొక్కలను చేత్తో పీకివేయాలి. ఆ దశలో అది చాలా తేలిక పని. రెండేళ్ళు వదిలేస్తే మళ్ళీ గడ్డపారలు పట్టవలసిందే. దానితోపాటు స్థానిక గడ్డి విత్తనం చల్లి, ఆ చోటును కొంతకాలం మేతకు మూసి ఉంచి, చిరుమాను, నారెపి, ఉసిరి, తునికి వంటి ఆ నేలకు చెందిన చెట్లను లేవనివ్వాలి. గడ్డి నిలిచిన నేలలో లంటానా గింజకు చోటు దొరకడం కష్టం. ఖాళీగా వదిలిన నేలలోకి మాత్రం లంటానా రాకపోయినా వయ్యారిభామ వంటి మరో పరాయి మొక్క వస్తుంది. చుక్కల దుప్పికీ కణితికీ కావలసింది కూడా ఆ గడ్డే. అవి లేని అడవిలో పులి నిలవదు.

ప్రభుత్వ అడవుల్లో ఈ పని తరచుగా విఫలం కావడానికి అసలు కారణం మొక్క మొండితనంకంటే పద్దుల తీరే అని నేను నమ్ముతాను. నిధులు ఒక ఆర్థిక సంవత్సరానికి వస్తాయి, ఇన్ని హెక్టార్లు కొట్టించామని లెక్క రాయడంతో అవి ముగుస్తాయి. మరుసటి ఏడాది ఆ మనుషులే ఇంకో చోట కొత్త హెక్టార్లు కొడుతుంటారు. మొదటి ఏడాది మంజూరులోనే కనీసం తరువాతి అయిదేళ్ళ కలుపు తీతకూ గడ్డి పెంపకానికీ సొమ్ము కేటాయించకుండా ఈ పనిని అసలు ప్రారంభించకూడదు. పనిని కొలవవలసింది కూడా మూడో ఏట ఆ నేలలో ఎంత గడ్డి నిలిచిందన్న లెక్కతోనే. మీ గ్రామ అటవీ హక్కుల కమిటీ గానీ వన సంరక్షణ సమితి గానీ రేంజి అధికారిని కలిసినప్పుడు, తరువాతి అయిదేళ్ళ పనికి సొమ్ము కేటాయించారా అన్న ఈ ఒక్క ప్రశ్ననే గట్టిగా అడగండి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నదీ ముఖ్యమే. 2020లో భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు ప్రచురించిన అంచనా ప్రకారం దేశంలో లంటానా ఆక్రమించిన అటవీ ప్రాంతం సుమారు 1,54,000 చదరపు కిలోమీటర్లు. ఇది ఇప్పటి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణానికి కాస్త తక్కువ. అంత నేలను శుభ్రం చేసే శక్తి ఏ శాఖకూ లేదు కనుక చోటును ఎంచుకోక తప్పదు. దట్టమైన పొదలు కంటికి ఆనతాయి కాబట్టి అందరూ అక్కడే మొదలుపెడతారు. నిజానికి గడ్డి ఇంకా బతికి ఉండి, పొదలు అక్కడొకటి అక్కడొకటిగా లేస్తున్న చోటును ముందు కాపాడుకుని, అక్కడి నుంచి దట్టమైన వైపుకు జరగాలి. అదే కూలితో ఎన్నో రెట్ల నేల దక్కుతుంది.

ప్రశ్న: మేము నలభై మంది కళాశాల విద్యార్థులం. ఆదివారాల్లో అభయారణ్యంలోకి వెళ్ళి స్వచ్ఛందంగా లంటానా తొలగించాలనుకుంటున్నాము. అనుమతి అవసరమా?

సమాధానం: తప్పనిసరిగా అవసరం. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 29వ సెక్షను ప్రకారం అభయారణ్యంలో అధికారిక అనుమతి లేకుండా మొక్కలను, ఆవాసాన్ని తొలగించడం నేరం. జాతీయ ఉద్యానానికి 35వ సెక్షను వర్తిస్తుంది. రిజర్వు అడవుల్లో 1967 నాటి అటవీ చట్టంలోని 20వ సెక్షను అడ్డు వస్తుంది. తొలగించేది పరాయి మొక్క అయినంత మాత్రాన మినహాయింపు లేదు. ఈ కట్టుబాటు న్యాయమైనదే. ఒక్కసారిగా ఒక లోయనంతా బోడి చేస్తే, ఇప్పటికి ఆ పొదలనే నీడగా చేసుకున్న కుందేళ్ళు, చిన్న పక్షులు దిక్కులేనివవుతాయి. పొదలో పడుకున్న ఎలుగుబంటి మీ మీదికి రావచ్చు కూడా. డివిజనల్ అటవీ అధికారికి వ్రాతపూర్వకంగా దరఖాస్తు చేసి, ఇంతకుముందు శుభ్రం చేసిన ఒక చిన్న చోటును మూడు వర్షాకాలాలపాటు మీ కళాశాలకు అప్పగించమని కోరండి. పిల్ల మొక్కలు పీకడానికి అనుభవం అక్కరలేదు, శ్రద్ధ చాలు, మనుషులు దొరకనిది కూడా ఆ పనికే.

సామూహిక అటవీ వనరులపై హక్కు పొందిన గ్రామసభల సంగతి వేరు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తమ అడవిని కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కును వారికి ఇచ్చింది. దుంపలకూ తేనెకూ అడవిలో తిరిగే చెంచులకు ఏ దారి ఏ ఏడాది మూసుకుపోయిందో తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ప్రణాళిక వారి ముందు, వారి మాటతో తయారు కావాలి. వారిని కూలి పనికి మాత్రమే పిలవడం అన్యాయం.

ప్రశ్న: నిప్పు పెట్టినా, మందు కొట్టినా త్వరగా పోదా? పురుగులను వదిలే పద్ధతి ఒకటుందని చదివాను.

సమాధానం: లంటానా పైభాగం కాలినా వేరు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. అంతేకాక ఎండిన పొద నేలమంటను నిచ్చెనలాగా చెట్ల కొమ్మలకు ఎక్కిస్తుంది. కర్ణాటకలోని బిళిగిరి కొండల ఆదివాసులైన సోలిగలు మరొక మాట చెబుతారు: పూర్వం తాము వేసవి ఆరంభంలో పెట్టే చిన్నపాటి ఆకుమంటలే లంటానాను అదుపులో ఉంచాయనీ, వాటిని నిషేధించాకే అది కొండంతా కమ్ముకున్నదనీ. ఆ మాటలో విలువైన అనుభవం ఉందని పలువురు పరిశోధకులు గుర్తించారు. కానీ అది పొదలు చిన్నవిగా, గడ్డి విస్తారంగా ఉన్న కాలపు పద్ధతి. ఇప్పుడు తలెత్తు పొదల్లో నిప్పు పెడితే అది అదుపు తప్పుతుంది, పైగా అది నేరం. కలుపు మందు విషయంలో, గ్లైఫోసేట్‌ను శిక్షణ పొందిన తెగుళ్ళ నివారణ సంస్థల ద్వారా తప్ప వాడరాదని 2022 అక్టోబరులో కేంద్రం ఆంక్ష విధించింది. వాగుల పక్కన ఏ మందూ వద్దనే నా సలహా. లంటానాపై 1921 నుంచి మన దేశంలో పురుగులను ప్రయోగించి చూశారు. అవి ఆకును, గింజను కొంత దెబ్బతీశాయి గాని పొదను అణచలేకపోయాయి.

ప్రశ్న: లంటానా కర్రతో కుర్చీలు, ఏనుగు బొమ్మలు చేస్తున్నారు. అలాంటప్పుడు తొలగించడం ఎందుకు, ఉపాధిగా మలచుకోవచ్చు కదా?

సమాధానం: తొలగించిన కర్రను వాడుకోవడం మంచిదే. మలె మహదేశ్వర కొండల్లో సోలిగలు చేసే సామగ్రీ, నీలగిరుల ఆదివాసులు చేసిన ఏనుగు బొమ్మలూ ఎన్నో కుటుంబాలకు ఆదాయం తెచ్చాయి. ఇబ్బంది ఏమిటంటే, బుట్టలకూ కుర్చీలకూ కావలసింది పొడవైన, వంగే కర్ర మాత్రమే. దాన్ని పైన కోసుకుని వేరు వదిలేస్తే మళ్ళీ పిలకలు వస్తాయి, కోసేవారికి కూడా అదే అనుకూలం. అందువల్ల కర్ర ఇచ్చేటప్పుడే వేరుతో తీయాలన్న షరతును ఒప్పందంలో రాసుకోవాలి.

ప్రశ్న: కడప జిల్లాలో మా ఊరి చుట్టూ సర్కారు తుమ్మే. అది కూడా ఇలాంటిదేనా?

సమాధానం: అవును, దాని కథ మీ జిల్లాలోనే మొదలయింది. వంటచెరకు కొరత తీర్చడానికి మద్రాసు అటవీ అధికారులు జమైకా నుంచి గింజలు తెప్పించి 1877లో కమలాపురంలో నాటించారు. ప్రభుత్వం తెచ్చినది కనుక ఆ పేరు దానికి తగినదే. ఈ రోజుకీ ఎన్నో పేద ఇళ్ళ పొయ్యి దానితోనే వెలుగుతోంది, బొగ్గు కాల్చేవారికి అదే జీవనం. కనుక పంచాయతీ బంజరులో ఉన్నదాన్ని వాడుకుంటూ అదుపు చేయాలి. అడవిలోకీ చెరువు కట్టల మీదికీ పాకినదాన్ని మాత్రం వేరుతో తీయాలి. మేకలు, గొర్రెలు కాయలను ఇష్టంగా తిని గింజలను పెంటికల్లో దూరదూరాలకు మోస్తాయి కాబట్టి, కాయ రాలే నెలల్లో మందలను తుమ్మ బీటి నుంచి నేరుగా అడవి అంచుకు తోలకుండా ఉంటే కొత్త మొలకలు చాలావరకు తగ్గుతాయి. కాయలను ఏరి, గింజ నలిగేలా మర పట్టించి పెడితే అదే మంచి దాణా అవుతుంది.