హెవీ లైసెన్స్ ట్రైనింగ్ లేకుండా తీసుకోవచ్చా? ఇరవై ఏళ్లకు పైగా లారీ తోలిన అనుభవంతో నా జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "మాది పొదిలి దగ్గర పల్లె. వయసు 21. ఏడో తరగతితో చదువు ఆపేశాను. కారు లైసెన్స్ వచ్చి ఎనిమిది నెలలైంది. ట్రాక్టర్ బాగా తోలతాను. లారీ ఎక్కి, తర్వాత ఆర్టీసీలోకి పోవాలని ఉంది. ఒక ఏజెంట్ ట్రైనింగ్ అక్కర్లేకుండా సర్టిఫికెట్ పెట్టించి హెవీ లైసెన్స్ ఇప్పిస్తానని రెండు వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. తీసుకోవచ్చా? అసలు రూల్స్ ఏంటి?"

తమ్ముడూ, తీసుకోవద్దు. ఎందుకో వివరంగా రాస్తాను, కొంచెం ఓపిగ్గా చదువు.

నాది కావలి. 1998లో పదిహేడేళ్లప్పుడు క్లీనర్‌గా లారీ ఎక్కాను. 2002లో హెవీ లైసెన్స్ వచ్చింది. ఎక్కువ కాలం చీమకుర్తి గ్రానైట్ రాళ్లు కృష్ణపట్నం పోర్టుకు, చెన్నైకి తోలాను. ఇప్పుడు పెట్రోల్ ట్యాంకర్ మీద ఉన్నాను.

ముందు నీ లెక్క చూద్దాం. ట్రాన్స్‌పోర్ట్ బండి (లారీ, బస్సు లాంటిది) తోలాలంటే 20 ఏళ్లు నిండాలి, నీకు నిండాయి. లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్, అంటే నీ కారు లైసెన్స్, చేతికొచ్చి ఏడాది దాటాలి. అప్పుడు గానీ హెవీకి ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్స్, ఇవ్వరు. నీకు ఇంకా నాలుగు నెలలుంది. ఈ నాలుగు నెలలు ఎట్లా దాటిస్తాడో ఆ ఏజెంట్‌ను అడిగావా? ఇది మోటారు వాహనాల చట్టంలోనే ఉన్న షరతు, ఏ ఆఫీసులోనూ ఎవరూ సడలించేది కాదు. దాటిస్తానని అన్నాడంటే నీతో నిజం చెప్పడం లేదు.

చదువు గురించి మాత్రం బెంగ పెట్టుకోకు. ఇదివరకు ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కు ఎనిమిదో తరగతి పాసై ఉండాలని రూల్ ఉండేది. 2019లో కేంద్రం దాన్ని తీసేసింది. ఇప్పటికీ ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ పుట్టిస్తామని కుర్రాళ్ల దగ్గర డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాట వినొద్దు.

డాక్టర్ దగ్గర ఫారం 1ఎ మీద మెడికల్ సర్టిఫికెట్ తీసుకోవాలి. పట్టపగలు 25 మీటర్ల దూరం నుంచి కారు నంబర్ ప్లేటు చదవగలగాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియాలి. రేచీకటి ఉండకూడదు. డాక్టర్ సంతకం దొరికితే చాలులే అనుకోకుండా కళ్లు నిజంగానే చూపించుకో. రాత్రి పన్నెండు గంటలకు హైవే మీద ఎదురుగా హైబీమ్ లైట్లు కొడుతుంటే, పక్కన లైటు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రక్కు కనపడాలి కదా.

ఇక అసలు విషయం ట్రైనింగ్. హెవీకి దరఖాస్తు పెట్టాలంటే లైసెన్స్ ఉన్న డ్రైవింగ్ స్కూల్ నుంచి ఫారం 5 సర్టిఫికెట్ కావాలి. ఏజెంట్ పుట్టిస్తానంటున్న కాగితం అదే. రూల్ ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ బండికి 30 రోజులకు తగ్గకుండా శిక్షణ ఉండాలి. అందులో స్టీరింగ్ పట్టుకొని తోలింది 15 గంటలకు తగ్గకూడదు. ఎవరు ఎన్ని గంటలు తోలారో స్కూల్ వాళ్లు ఫారం 15 రిజిస్టర్‌లో రాయాలి. ఒక బండిలో ఆరేడుగురిని ఎక్కించుకొని తలా పది నిమిషాలు తోలించే చోట్లు కూడా ఉన్నాయి. అందుకని చేరిన రోజే ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకో. రోజూ నువ్వు తోలిన నిమిషాలు రాసుకో. పదిహేను గంటలు కాకపోతే మొహమాటపడకుండా అడుగు. ఫీజు కట్టేది నువ్వు.

దీనికంటే మంచి దారి ఇంకోటి ఉంది. 2021 జులై నుంచి అమల్లోకి వచ్చిన గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల రూల్. అక్కడ మీడియం, హెవీ బండ్లకు ఆరు వారాల్లో 38 గంటల కోర్సు. 16 గంటలు పాఠాలు, 22 గంటలు ప్రాక్టికల్. అక్కడ పాసైనవాళ్లు మళ్లీ ఆర్టీవో ఆఫీసులో డ్రైవింగ్ టెస్టు ఇవ్వాల్సిన పనిలేదు. అందుబాటులో ఉంటే కాస్త దూరమైనా అలాంటి చోటికే పో. మామూలు స్కూల్లో నేర్చుకుంటే మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి తోలి చూపించాలి.

ట్రాక్టర్ బాగా తోలతానన్నావు. నిజమే కావచ్చు, కానీ లారీ పద్ధతి వేరు. క్లీనర్‌గా ఉన్నప్పుడు మా డ్రైవరన్న నాకు నేర్పిన మొదటి పాఠం చెబుతాను. బండి ఆపి నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. తను కిందికి దిగి ఎడమ వైపు బంపర్‌కు ఆనుకొని నిలబడ్డాడు. నాకు తల వెంట్రుక కూడా కనపడలేదు. ఆయన ఆరడుగుల మనిషి, అయినా కనపడలేదు. "నేనే కనపడకపోతే బడికి పోయే పిల్లోడు కనపడతాడా?" అని అడిగాడు. అప్పటి నుంచి ఈరోజు దాకా బండి చుట్టూ ఒకసారి తిరిగి రాకుండా నేను కదిలించింది లేదు.

రెండో పాఠం నల్లమల ఘాట్‌లో నేర్చుకున్నాను. లైసెన్స్ వచ్చిన కొత్తలో నంద్యాల నుంచి గిద్దలూరుకు సిమెంటు లోడు. పక్కన ఆ డ్రైవరన్నే ఉన్నాడు. దిగుడులో నేను బండిని పై గేరులోనే వదిలి, బ్రేకు మీద కాలు పెట్టి నెమ్మదిగా దించుతున్నాను. ప్లెయిన్ రోడ్డు మీద అలవాటు అదే. రెండు మూడు మలుపులయ్యాక కాలిన వాసన వచ్చింది. ఇంకాసేపటికి పెడల్ తొక్కుతున్నా బండి ముందంత పట్టడం లేదు. మాటిమాటికీ తొక్కడంతో బ్రేకుల గాలి ఒత్తిడి చూపించే ముల్లు కూడా కిందికి దిగుతోంది. అన్న అరవలేదు. "కాస్త మట్టంగా ఉన్న చోటు వస్తుంది, అక్కడ ఆపు" అన్నాడు. ఎట్లాగో ఆపాను. హ్యాండ్ బ్రేకు వేసి చక్రాల కింద రాళ్లు పెట్టాం. వెనక డ్రమ్ముల దగ్గర పొగ లేస్తోంది. క్లీనర్ కుర్రాడు బకెట్‌తో నీళ్లు తెచ్చి పోయబోతే అన్న చెయ్యి పట్టుకొని ఆపాడు. ఎర్రగా కాలిన డ్రమ్ము మీద చన్నీళ్లు పడితే పగులుతుందట. వాటంతట అవే చల్లారేదాకా కూర్చున్నాం. తర్వాత రెండో గేరులో, ఇంజిన్ పట్టు మీద, బ్రేకు అప్పుడప్పుడు ముట్టుకుంటూ కిందికి దిగాం. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి. ఆ మాట చాలామంది చెప్పగా విన్నాను గానీ ఆ పొగ చూశాకే నాకు బుర్రకెక్కింది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడ.

నువ్వు పోగొట్టుకోబోతున్నది ఈ ట్రైనింగే. ఏజెంట్ ఇచ్చే కాగితంలో ఇవేవీ ఉండవు. కాగితం చూపించి ఓనరు దగ్గర బండి తీసుకుంటావు. ఇరవై టన్నుల రాయి వెనక పెట్టుకొని మొదటిసారి నేర్చుకునేది టంగుటూరు టోల్‌గేట్ ముందు, నలుగురి ప్రాణాల మీద.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. 2019 మొదట్లో లైసెన్స్ రెన్యువల్ చేయించాను. అప్పటికి హెవీకి మూడేళ్లే ఇచ్చేవాళ్లు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో చట్టం మారి ఐదేళ్లయింది గానీ నా కార్డు మీద తేదీ 2022 దాకానే. గడువు ముగిసినా 30 రోజులు చెల్లుతుందని పాత రూల్ ఒకటి ఉండేది, నేను అదే ధైర్యంతో ఉన్నాను. అదే సవరణలో ఆ 30 రోజులు తీసేసిన సంగతి నాకు తెలియదు. గడువు దాటిన పంతొమ్మిదో రోజు ఉలవపాడు దగ్గర ఒక బైకు అతను అడ్డం వచ్చి నా బండికి తగిలి కాలు విరగ్గొట్టుకున్నాడు. స్పీడు లేదు, నేను తాగి లేను, బండి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా ప్రమాదం జరిగిన రోజున డ్రైవర్‌కు చెల్లే లైసెన్స్ లేదని బీమా కంపెనీ పట్టుకుంది. చివరికి ముందు బీమా కంపెనీ అతనికి కట్టాలని, తర్వాత ఆ డబ్బు ఓనరు నుంచి వసూలు చేసుకోవచ్చని కోర్టు చెప్పింది. ఓనరు నన్నేమీ అనలేదు. కానీ ఆయన కూతురి పెళ్లికి దాచుకున్న డబ్బులో నుంచి అది పోయిందని నాకు తెలుసు. నెలకింతని ఇప్పటికీ ఆయనకు తిరిగి ఇస్తున్నాను.

అందుకే చెబుతున్నా. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేయించుకోవచ్చు. గడువు దాటాక కూడా ఏడాదిలోపు చేస్తారు గానీ, ఆ మధ్య రోజుల్లో బండి తోలితే లైసెన్స్ లేనట్టే లెక్క. ఏడాది దాటితే మళ్లీ టెస్టు. నీ లైసెన్స్ వచ్చిన రోజే గడువు తేదీని ఇంట్లో గోడ మీద రాసిపెట్టు.

ఈ నాలుగు నెలలు ఖాళీగా ఉండక్కర్లేదు. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచ్ ఒక తీర్పు ఇచ్చింది. లైట్ మోటార్ లైసెన్స్ ఉన్నవాళ్లు మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న ట్రాన్స్‌పోర్ట్ బండ్లు తోలవచ్చు, దానికి వేరే ఎండార్స్‌మెంట్, అంటే లైసెన్స్ మీద అదనంగా ఎక్కించుకునే అనుమతి, అక్కర్లేదు అని. అంటే టాటా ఏస్, బొలెరో పికప్ లాంటివి నీ కారు లైసెన్స్‌తోనే తోలవచ్చు. మీ వైపు బత్తాయి లోడ్లు ఉంటాయి, ఇటు పొదలకూరు, గూడూరులో నిమ్మకాయల మార్కెట్లు ఉన్నాయి. లోడు కట్టడం, తెల్లవారుజామున తోలడం, బేరగాళ్ల దగ్గర లెక్క చూసుకోవడం అక్కడే అలవాటవుతుంది. బ్యాడ్జి లేదని ఎవరైనా భయపెడితే ఈ తీర్పు సంగతి చెప్పు.

ట్యాంకర్ల వైపు రావాలనుకుంటే ఇంకో మెట్టు ఉంది. పెట్రోల్, గ్యాస్, యాసిడ్ లాంటివి తోలాలంటే హెవీ లైసెన్స్ మీద మూడు రోజుల శిక్షణ తీసుకొని ప్రత్యేకంగా ఎక్కించుకోవాలి. ఆ ఎండార్స్‌మెంట్ మూడేళ్లకే. ప్రతిసారీ ఒక రోజు రిఫ్రెషర్ క్లాసుకు పోవాలి. దీనికి మాత్రం ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం వచ్చి ఉండాలి. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మా అమ్మాయి పక్కన కూర్చోబెట్టుకొని రెండు నెలలు నేర్పింది. క్యాబిన్లో ట్రెమ్ కార్డు ఉంటుంది, సరుకు కారితే ఏం చేయాలో అందులో ఉంటుంది. ట్యాంకర్ మీద పలకపై 1203 అని ఉంటే పెట్రోలు, 1075 అని ఉంటే గ్యాస్. అది చదవలేని మనిషిని ఆ బండి మీద కూర్చోబెట్టడం ఊరికే ప్రమాదం. ఈ రూల్‌ను నేను పూర్తిగా సమర్థిస్తాను.

ఆర్టీసీ గురించి ఒక్క ముక్క. లైసెన్స్ రూల్ వేరు, ఉద్యోగం రూల్ వేరు. చదువు, ఎత్తు, హెవీ లైసెన్స్ వచ్చి ఎంత కాలమైంది, ఇవన్నీ నోటిఫికేషన్‌లో వాళ్లు విడిగా పెడతారు. నీ అనుభవాన్ని లెక్కపెట్టేది కార్డు మీద ఉన్న తేదీ నుంచే. ఈలోపు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టేయమని నా సలహా. రాత్రి లోడింగ్ కోసం ఎదురుచూసే గంటలు బోలెడుంటాయి, చదువుకోవచ్చు.

ఇంకోటి, ఓనర్లు నీకు చెప్పనిది. మోటారు ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం అని 1961 నుంచి ఒకటి ఉండేది, 2025 నవంబర్‌లో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. ఆ పాత చట్టంలో పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని ఉండేది. దూరపు రూట్లలో రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటల దాకా పోనిచ్చేవాళ్లు. ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని ఉండేది. నేను కుర్రతనంలో ఇరవై గంటలు తోలి అది మగతనమనుకున్నాను. నాతో పాటు అట్లాగే తోలిన ఒకడు ఇప్పుడు లేడు. నిద్ర వస్తే ఏ ధాబా దగ్గరో పక్కకు తీసి పడుకో. టీ తాగితే నిద్ర పోదు, అరగంట వాయిదా పడుతుంది అంతే.

ఏజెంట్‌కిచ్చిన రెండు వేలు అడిగి చూడు. తిరిగి ఇవ్వకపోయినా సరే, నీ కారు లైసెన్స్, ఆధార్ జిరాక్సులు మాత్రం వెనక్కి తీసుకో. దరఖాస్తులో తన ఫోన్ నంబర్ పెట్టాడేమో కూడా కనుక్కో. చాలామంది అట్లాగే చేస్తారు, అప్పుడు ఓటీపీలు, మెసేజ్‌లు అన్నీ వాళ్లకే పోతాయి. నాలుగు నెలల తర్వాత ఎల్ఎల్ఆర్‌కు నువ్వే స్లాట్ బుక్ చేసుకో, నీ నంబరే పెట్టు. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, వచ్చిన 30 రోజుల తర్వాత టెస్టుకు పోవచ్చు. ఆ 30 రోజులూ స్కూల్ బండి స్టీరింగ్ మీదే ఉండు.