పార్కు జాగాలో అపార్ట్‌మెంట్లు వద్దనడం స్వార్థమా?

మీరడిగింది ఇదీ: ఊరు పెరుగుతోంది, జనానికి ఇళ్లు కావాలి, అలాంటప్పుడు కాలనీలోని పచ్చటి జాగాలో అపార్ట్‌మెంట్లు కడతామంటే చుట్టుపక్కలవాళ్లు అడ్డుపడటం స్వార్థం కాదా అని. కాదండీ. తిరుపతిలో అయితే అస్సలు కాదు. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

మాది కొండ కింద ఊరు. శేషాచలం మీద కురిసిన వాన కిందికి దిగి, ఊరు దాటి, స్వర్ణముఖిలో కలవాలి. ఆ దోవలో నీళ్లు నిలబడాలని పెద్దవాళ్లు చెరువులు కట్టారు, కాలవలు తీశారు. మనం ఆ చెరువుల్లోనే ఇళ్లకు ముగ్గులు పోశాం. పేరూరు చెరువు జాగాను 1991లో దేవస్థానానికి, అవిలాల చెరువు జాగాను 1994లో హౌసింగ్ బోర్డుకు ఇవ్వడానికి జీవోలిచ్చింది ప్రభుత్వమే. రెండూ ఇళ్ల కోసమే. ఊళ్లోని ఇంటలెక్చువల్స్ ఫోరమ్ వాళ్లు కోర్టుకెక్కితే, 2006లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఇలాంటి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనంది. కొత్తగా ఏమీ కట్టొద్దంది, ఇళ్ల మీద పడే వాననీటిని భూమిలోకి ఇంకించమంది. కానీ అప్పటికే డబ్బు ఖర్చయింది, కట్టడాలు లేచాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే. గెలిచినా, పోయిన చెరువు పోయినట్టే. అందుకే ముగ్గు పోసిన రోజే అడ్డుపడాలంటాను.

మా కాలనీ కూడా ఒకప్పుడు కయ్యలే, అంటే సాగు మడులే. లేఅవుట్ వేసినప్పుడు పార్కుకని వదిలిన జాగాలో కానుగ చెట్లు, ఒక పెద్ద వేపచెట్టు, మిగతా అంతా గడ్డి. ఒకరోజు పొద్దున్నే సర్వేయరు టేపుతో దిగాడు. వెనక ఒకతను సున్నం గీతలు వేస్తున్నాడు. మాకెవరికీ నోటీసు లేదు. ఏంటండీ ఇది అంటే, "ఖాళీగా పడుంది కదమ్మా, ఇక్కడ బ్లాకులు వస్తాయి. మీ స్థలాల రేట్లు కూడా పెరుగుతాయి" అన్నాడు.

రోజూ అక్కడ ఆవుల్ని మేపుకునే అవ్వ ఒకామె ఉంది. పాత కయ్యల్లో కొంత వాళ్లదే. చేతికర్ర పట్టుకుని నేరుగా అతని దగ్గరికి వచ్చింది. "సామీ, నువ్వు ముగ్గు పోస్తే వంక నీళ్లు ఆగిపోతాయా?" అని అడిగి, ప్రహరీ మూలకు రమ్మంది. మనవడి చేత కొడవలితో మట్టి గీకించింది. జానెడు లోతులో ఒక రాతి బండ బయటపడింది. నీళ్లు ఆపే పలక దించడానికి బండకు రెండు పక్కలా గాడి తొలిచి ఉంది. "ఇది మా కయ్యలకు నీళ్లు మలిపిన మడవ. వానొస్తే ఇప్పటికీ ఈ దోవనే వస్తాయి. మొన్న వరదలో మీరెవురూ ఈడికి రాలేదే?" అంది.

ఆమె చెప్పింది 2021 నవంబరు వానల సంగతి. ఊళ్లో కాలనీలకు కాలనీలు మునిగాయి, అటు రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని పల్లెలు ఖాళీ చేయించారు. మా వీధిలో ఇళ్లలోకి నీళ్లు రాలేదంటే, అవన్నీ ఈ పార్కులో నిలబడ్డాయి కాబట్టే. సర్వేయరు బ్యాగులోంచి ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు వారీ కొలతల పటం) తీసి బండ పక్కనే పరిచాడు. కాలవ గీత అందులో శుభ్రంగా ఉంది! చాలాసేపు దానివంకే చూసి, "పైనుంచి చెప్పిన పనమ్మా, నేనేం చేసేది" అని మడిచి పెట్టుకున్నాడు. ఆ మనిషి మీద నాకు కోపం లేదు. ఆఫీసులో కూర్చుని ఆ జాగాను ఎండాకాలం ఫోటోలో చూసి సంతకం పెట్టినవాళ్ల మీదే.

ఇళ్లు చాలడం లేదనే మాటా నేను ఒప్పుకోను. మా కాలనీలో ఎన్ని ప్లాట్లు కంపచెట్లు మొలిచి పడున్నాయో వచ్చి చూడండి. కొన్నవాళ్లు చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటారు, రేటు పెరగాలని కూర్చుంటారు. ముందు వాటి సంగతి చూడకుండా అందరిదీ అయిన ఒక్క జాగా మీద పడటమేంటి? లేఅవుట్‌కు అనుమతి కావాలంటే 10 శాతం ఓపెన్ స్పేస్ వదిలి, స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. ఆ జాగా ఖరీదు కూడా ప్లాట్ల రేటులో కలిపి మన దగ్గరే వసూలు చేశారు. ఇక అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేయడానికి ఎల్‌ఆర్‌ఎస్ అని ఒక పథకం తెచ్చారు. పార్కు వదలకపోయినా ప్లాటు విలువలో కొంత శాతం కట్టేస్తే సరన్నారు. ఆ డబ్బుతో మళ్లీ పార్కు వచ్చిన కాలనీ నేనైతే చూడలేదు. ఉన్న పార్కుల్లోనూ సిమెంటు బాటలు పరిచి, కోనోకార్పస్ మొక్కలు నాటి, గేటుకు తాళం వేస్తారు. నీళ్లు ఇంకడానికి మట్టే కనబడదు.

మేం సంతకాలు పెట్టి అభ్యంతరం ఇచ్చాం. ఆ తర్వాత ఎవరూ టేపు పట్టుకుని రాలేదు. ప్రతిపాదన రద్దయిందని రాసివ్వమంటే మాత్రం ఇంతవరకు ఇవ్వలేదు. కాబట్టి మీరు కూడా నోటిమాటలు నమ్మకండి. బెంగళూరులో పార్కు జాగాను ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే అది చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది, ఆ తీర్పు ప్రతిని మీ అభ్యంతరానికి జత చేయండి. సమాచార హక్కు కింద ఆమోదించిన లేఅవుట్ ప్లాను, గిఫ్ట్ డీడ్ అడగండి. ఎఫ్‌ఎంబీ తీయించి కాలవ ఉందేమో చూడండి. భూ వినియోగ మార్పు నోటిఫికేషన్ వస్తే అభ్యంతరాలకు మామూలుగా 15 రోజులే ఇస్తారు, పేపర్లో లోపలి పేజీల్లో వేస్తారు. ఇచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గర పెట్టుకోండి.